మిరప కోరు కాదు

మూడేళ్ల కిందట నా నాలుక సగం కోసేశారు. కోపం మాత్రం కొయ్యలేదు. అది ఏ డాక్టరుకీ చేతకాదు.

గుంటూరులో మిరపకాయల షెడ్డులో తొడిమలు తీయడం నా పని. రోజంతా రాశి ముందు కూర్చుంటే ఆ ఘాటుకి, కోరుకి గొంతు మండి దగ్గు ఆగదు. అందుకని మా ఆడవాళ్లు చిన్న పొగాకు ముక్క బుగ్గన పెట్టుకుంటారు. నేనూ ఇరవై ఏళ్లు పెట్టుకున్నాను. నాలుక అంచున తెల్లమచ్చ పడి, పుండు లేస్తే మిరప కోరుకి పొక్కిందనుకుని ఎనిమిది నెలలు వెన్న రాసుకుంటూ కూర్చున్నాను. నాకంటే బుద్ధితక్కువ మనిషి ఉంటుందా!

క్యాన్సరు ఆపరేషనయ్యాక పనిలోకి వస్తే ఎవరూ నా పక్కన కూర్చోలేదు. అంటుజబ్బు కాదని మేస్త్రి జాన్ బాషా అందరికీ చెప్పాడు. అందరూ తలూపి, నా గ్లాసు మాత్రం విడిగా పెట్టారు. నా మాట ముద్దముద్దగా వస్తుంది. రెండుసార్లు మళ్లీ చెప్పమంటారు, మూడోసారి అడగడం మానేస్తారు. ఇంట్లోనూ ఒక్కదాన్నే. ఒక్కోరోజు ఎవరితోనూ ఒక్క మాటయినా మాట్లాడకుండానే పడుకునేదాన్ని.

కిందటేడు వినుకొండ నుంచి భవ్య వచ్చింది. మా వీధి కోటేష్ పెళ్లాం. చోటు లేక నా పక్కన కూర్చుంది, తర్వాత చోటు దొరికినా కదల్లేదు. ఒట్టి వసపిట్ట. నా మాట సగం అర్థం కాకపోయినా ‘అంతేగా పిన్నీ’ అనేది. ఆ పిల్ల వచ్చాకే నాకు పొద్దున్నే లేవాలనిపించింది.

ఒకరోజు ఏదో చెప్తూ పగలబడి నవ్వింది. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనిపించింది. ఆ పిల్ల కూడా పొగాకు ముక్క పెట్టుకునే చోటే అది.

క్యాన్సరొచ్చినదాని నోట్లోంచి ఆ మాట వస్తే శాపమే అనుకుంటారు. ఆ పిల్ల లేచిపోతుందని తెలుసు. అందుకే రెండు రోజులు నోరు మూసుకున్నాను. నాకు తోడు కావాలి మరి. మూడో రోజు నా మీద నాకే అసహ్యమేసింది.

ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాను. “భవ్యా, నీ బుగ్గలో తెల్లమచ్చుంది. పెద్దాసుపత్రిలో చూపించుకో. నాదీ ఇట్టాగే మొదలైంది.”

ఈసారి ఆ పిల్లకి అంతా అర్థమైంది.

“మిరప కోరుకి పొక్కిందిలే. నీకొచ్చిందని నాకూ రావాలా పిన్నీ?” అని, కూర్చున్న గోతాం తీసుకుని అవతలి చివరకి వెళ్లిపోయింది.

నేను వదల్లేదు. సాయంత్రం గేటు దగ్గర కోటేష్‌ని పట్టుకున్నాను. నా ముద్దమాటలకి నవ్వబోయాడు. అప్పుడు నోరు బార్లా తెరిచి చూపించాను. నవ్వలేదు. మర్నాడే భవ్యని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

ఆ మచ్చ ఇంకా క్యాన్సరుగా మారలేదని, తీసేశారని, పొగాకు మానేసి అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలన్నారని తర్వాత జాన్ బాషా చెప్పాడు. అమ్మయ్య అనుకున్నాను.

ఇరవై రోజులకి భవ్య పనిలోకి వచ్చింది. నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. కోపమో, సిగ్గో, భయమో. ఆ చివరే కూర్చుంది. నాకు ఏడుపాగలేదు. మిరప షెడ్డులో కళ్లనీళ్లు కారుతుంటే ఎందుకని ఎవరడుగుతారు?

మధ్యాహ్నం అన్నాలప్పుడు చూస్తే, భవ్య పక్కనున్న ఆడవాళ్ల చేత నోళ్లు తెరిపించి సెల్‌ఫోను లైటు వేసి చూస్తోంది. ఈ సంగతి ఎవరు చెప్పారని ఒకామె అడిగింది. డాక్టరమ్మ అంది. నా పేరు ఎత్తలేదు.

పోనీలే. వరసలో ఆరుగురు నోళ్లు తెరిచారు.