తెగిన పోగులు నేనే అతికాను

తెగిన పోగు అతకాలి. నూలు అయిపోయిన కండె మార్చాలి. చిక్కు పడితే విప్పాలి. పని లేనప్పుడు తోక ఊపుతూ ముద్దుగా కూర్చోవాలి. పుట్టకముందే నా పనులు రాసిపెట్టేశారు. నేను ఒక పిల్లిని. పాలు తాగే పిల్లిని కాదు, ఫోన్‌లో ఆడే మగ్గం ఆటకి తగిలించిన బొమ్మపిల్లిని. కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు. నన్ను చేసినవాళ్లు మగ్గం ముఖం చూసి ఉండరు. చూసి ఉంటే నూలు దగ్గరికి పిల్లిని పంపుతారా?

చీరాలలో మార్కండేయులు గారూ అదే అన్నారు. నలభై ఏళ్లు నేసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. కదిలిస్తూ ఉంటే మళ్లీ మగ్గంలో కూర్చోవచ్చని డాక్టరు చెప్పాడు. అందుకే కూతురు వసుంధర ఈ ఆట వేసిచ్చింది.

"పిల్లిని కూడా పెట్టనా నాన్నా? సాయం చేస్తుంది."

"మగ్గం గుంటలోకి పిల్లిని రానిస్తామా? నీకు డిగ్రీ ఇచ్చినవాళ్లకి బుద్ధుందా? తరిమెయ్!"

నాకేం కోపం రాలేదు. పని తెలిసిన మనిషి అనుకున్నాను. పోగు తెగినప్పుడల్లా ఆయన బిగుసుకున్న వేలిని తెరమీద ఈడ్చి రెండు కొసలూ కలిపేవారు. ఒక్కో అతుక్కి ఆరేడు ప్రయత్నాలు. మూడు వారాలకి చూపుడువేలు సగం వంగింది.

ఆ అవస్థ వసుంధర చూడలేకపోయింది. ఆయన స్నానానికి వెళ్లగానే నన్ను పెట్టి, బొమ్మ కనబడకుండా దాచింది. ఇక పోగు తెగగానే, ఆయన కంటపడేలోపే, దొంగలా నేనే అతికాను. జాలి పుడితే చాలు, మనుషులు అవతలివాడి చేతిలో పని లాక్కుంటారు. లాక్కోవడానికి నా పంజా కావలసొచ్చింది!

ఆటలో కొత్త చీర వారంలో అయిపోయింది. ఆయన సంబరపడలేదు. గుడ్డ చూసినట్టే ఫోన్ అద్దాన్ని ఎడమ బొటనవేలితో తడిమారు, అతుకులు తగులుతాయని. అద్దానికి అతుకులెక్కడివి? మళ్లీ తడిమారు. తర్వాత కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు.

"నా అతుకు దగ్గర చిన్న ముడి కనబడాలి. ఒక్కటీ లేదు. ఎవరే నేసింది?"

"అలసిపోతున్నావని నాన్నా..."

"అలసిపోవడానికే కదే ఆడుతున్నా!"

చెయ్యెత్తి చూపించారు. వేలు మళ్లీ కర్రలా బిగుసుకుంది.

"తీసేస్తాలే," అని వసుంధర ఫోన్ అందుకోబోయింది.

"ముట్టుకోకు."

నన్ను తీసేసే గుర్తు మీదికి ఆ వేలినే ఈడ్చారు. ఎనిమిదోసారికి పడింది.

ఇప్పుడు తీసేసిన వస్తువుల జాబితాలో ఉన్నాను. ఆయన మీద కాదు, నన్ను దొంగచాటుగా పెట్టినందుకు కోపం మాత్రం చల్లారలేదు. మీ ఇంట్లో ఎవరికైనా అడక్కుండా నాలాంటి సాయం పెట్టబోయేముందు మార్కండేయులు గారిని ఒక్కసారి తలుచుకోండి. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు.