పొడుగు భాష

రెండు వేల పన్నెండు, నవంబరు పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం రొమేనియాలోని బోటోషాని ఊళ్లో హేమలత తిన్నది తెల్ల చిక్కుడు గింజల పులుసు, గట్టి రొట్టె, తెనాలి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయ పచ్చడి సీసా అడుగున మిగిలిన రెండు ముక్కలు. పులుసు చల్లారిపోయింది. అయినా ఆ దేశంలో అంత రుచిగా ఆమె అంతకు ముందు ఏదీ తినలేదు. ఆ పొద్దున్నే కదా, మొదటిసారి ఒక సంఘం ముందు నిలబడి నోరు విప్పింది. మాటలు తనవి కావు, భర్త పాస్టర్ జయపాల్‌వి. తర్జుమా చేయాల్సిన కాలేజీ అమ్మాయి ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. ఆయన బైబిలు పట్టుకుని, బెంచీల నిండా కూర్చున్న ఆడవాళ్లను చూస్తూ, ఇంగ్లీషు తప్ప ఇంకో మాట రాక నిలబడిపోయాడు. వెనక బెంచీలో ఉన్న హేమలత ఐదేళ్ల ఇషాను పక్కావిడ ఒళ్లో కూర్చోబెట్టి ముందుకు నడిచింది.

మిషన్ వాళ్లు జయపాల్‌ని కొన్ని నెలలు పట్నం పంపి భాష నేర్పించారు. ఆయనకు వ్యాకరణం వచ్చింది గానీ భాష రాలేదు. హేమలతను ఎవరూ ఎక్కడికీ పంపలేదు. ఆమె సంతలో ఉల్లిపాయలు బేరమాడుతూ, మంచు కురిసే పొద్దుటిపూట కట్టెల పొయ్యి ఎలా రాజేయాలో పక్కింటి ముసలమ్మను అడుగుతూ, పిల్లకు జ్వరమొస్తే నర్సుతో గొడవపడుతూ నేర్చుకుంది. పెళ్లికి ముందు తెనాలిలో ఇంగ్లీషు టీచరుగా చేసిన మనిషి. భాషను ఎక్కడ పట్టుకుంటే దొరుకుతుందో ఆమెకు తెలుసు. ఆ ఆదివారం తర్వాత కాలేజీ అమ్మాయిని మళ్లీ పిలవలేదు. ఆ అమ్మాయికిచ్చే జీతం మిగిలిందని అమెరికాలో కమిటీ వాళ్లు దేవుణ్ణి స్తుతించారు. మిగిల్చింది దేవుడేనని అప్పట్లో హేమలత కూడా అనుకుంది. గుంటూరు నుంచి అత్తగారు ఫోన్లో, పాస్టరు భార్యంటే సంఘానికి తల్లి కదమ్మా, తల్లికి జీతమేంటి, అంది. ఆవిడ ప్రేమగానే అంది. ప్రేమగా అన్న మాటకు జవాబు చెప్పడం మరీ కష్టం.

తర్జుమాకొక పద్ధతుంది. ప్రసంగం చెప్పేవాడు ఒక వాక్యం చెప్పి ఆగుతాడు, పక్కనున్న మనిషి ఆ వాక్యాన్ని వాళ్ల భాషలో చెబుతుంది. ఆయన ‘నేను’ అంటే తనూ ‘నేను’ అనాలి. ‘ఆయన ఇలా అంటున్నారు’ అనకూడదు. మొదట్లో హేమలత పొల్లు పోకుండా చెప్పేది. ఒక చలికాలం, ఎదురు బెంచీలో ఆడవాళ్ల చేతులు చూసింది. పగిలి, ఎర్రబడి, బట్టలుతికిన సబ్బుకు తోలు లేచిన చేతులు. ఆయన చెప్పిన వాక్యం చెప్పేశాక ఇంకొకటి దానంతటదే జారింది. బెంచీల్లో ఎవరో నిట్టూర్చారు. మరుసటి ఆదివారం రెండు జారాయి. ఏడాది తిరిగేసరికి ఆయన ఒక మాట చెబితే ఆమె నాలుగు చెబుతోంది. ఆ కాస్సేపూ జయపాల్ పక్కకు తిరిగి మంచినీళ్లు తాగి, కాగితం చూసుకుని, తర్వాతి మాట వెతుక్కునేవాడు. ఆయన అనుమానపడలేదు. అనుమానించే మనిషి కాదు. పైగా సెలవుల్లో అమెరికా వచ్చినప్పుడల్లా ప్రతి సంఘంలోనూ ఒకటే జోకు వేసేవాడు: రొమేనియన్ చాలా పొడుగు భాష బ్రదర్, నేను ఒక్క మాటంటే మా ఆవిడ నాలుగు చెప్పాలి పాపం. అందరూ నవ్వేవారు. హేమలత కూడా నవ్వేది. పన్నెండేళ్లు నవ్వింది.

ఇప్పుడు వాళ్లు అమెరికాకు, మిషిగన్లోని ట్రాయ్‌కి వచ్చేసి అయిదు నెలలైంది. వాళ్లను పంపింది ఇక్కడి తెలుగు సంఘమే. కార్ల కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లు, వాళ్ల కుటుంబాలు. ఒక రొమేనియన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటారు. పాత పాస్టరుగారు రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోతే, ఆ చోటికి జయపాల్‌ని అడిగారు. కమిటీ గదిలో ఆయన సరేనంటున్నప్పుడు పక్క గదిలో హేమలత పిల్లలకు కేకు కోస్తోంది. ఇంటికొచ్చేటప్పుడు కార్లో, ఇది దేవుని చిత్తం హేమా, అన్నాడు. దేవుని చిత్తం ఆమెకెప్పుడూ కార్లోనే తెలిసేది.

సరే, ఇక్కడుండటం చెడ్డదేం కాదు. ఇషాకు పదిహేడొచ్చాయి, కాలేజీ చదువుంది. జయపాల్‌కి మోకాళ్లు నొప్పి, బోటోషాని మంచులో నడవలేడు. ఇవన్నీ ఆమెకు తెలుసు. కానీ అక్కడ బుధవారం కూడిక ఉంది. ఊరి చివర పేటలో అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇల్లు, అందులో ఒక పెద్ద పొయ్యి, ఆడవాళ్లు. పిల్లలకు చారు కాస్తారు, చదువుకుంటారు, ఒకరి సంగతి ఒకరు చెప్పుకుని ఏడుస్తారు, ఏడ్చాక నవ్వుతారు. వాళ్లు ప్రతి బుధవారం వీడియో కాల్ చేసి ఫోన్ని పిండి డబ్బాకు ఆనించి పెడతారు. ఇక్కడ పొద్దున్న కాఫీ పెట్టుకుంటూ హేమలత వాళ్లతో మాట్లాడుతుంది. వాళ్లు అడిగేది ఒకటే, దోమ్నా హేమా, ఎప్పుడొస్తున్నావు? దోమ్నా అంటే అమ్మగారని. ఆ పిలుపు వెనక తన పేరు కూడా ఉంటుంది.

సంఘం సెక్రటరీ అవినాష్ అక్టోబరులో ఒక శనివారం భోజనానికొచ్చాడు. మంచి మనిషి, మర్యాదస్తుడు. నవంబరులో రొమేనియన్ సంఘంతో కలిసి కృతజ్ఞతా కూడిక పెట్టుకోవాలని మాట్లాడటానికి వచ్చాడు. మాటల మధ్యలో ఇంకో సంగతి చెప్పాడు.

“పాస్టర్ గారు ఇక్కడికొచ్చేశారు కదండీ, ఇక బోటోషాని ఫీల్డ్ క్లోజ్ చేసేద్దామని కమిటీ అనుకుంటోంది. ఇయర్ ఎండ్‌కి ఆ ఇంటి లీజు కూడా అయిపోతుంది.”

హేమలత చేతిలో గరిటె ఆగింది. “అక్కడ బుధవారం కూడిక జరుగుతూనే ఉంది అవినాష్ గారూ.”

“జరుగుతుందనుకోండి. కానీ వాక్యం చెప్పేవాళ్లు లేరు కదమ్మా. పాస్టర్ గారి వాక్యం విని వచ్చినవాళ్లే కదా వాళ్లందరూ.”

జయపాల్ వినయంగా పళ్లెంలోకి చూస్తూ, అంతా ప్రభువు కృప, అన్నాడు.

తర్వాత కృతజ్ఞతా కూడిక సంగతికొచ్చారు. జయపాల్ ఇంగ్లీషులో చెబుతాడు, హేమలత రొమేనియన్‌లోకి తర్జుమా చేస్తుంది. రెండు సంఘాలకూ బిర్యానీ కూడా ఆమే చేస్తుంది, ఆమె చేసినట్టు ఇంకెవరూ చేయలేరు. పొయ్యి దగ్గరుండి మైకు దగ్గర ఉండలేనండి, రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి, అంది హేమలత. అవినాష్ ఆలోచించనే లేదు.

“అయితే బిర్యానీయే అమ్మగారూ. తర్జుమాకి వాళ్ల సంఘంలో డానియేలా గారని డెంటిస్ట్ ఉన్నారు, ఆవిడ చేసేస్తారు.”

“ఆవిడకు ముందే చెప్పండి బ్రదర్,” అన్నాడు జయపాల్, “పొడుగు భాష, నీళ్ల బాటిల్ దగ్గర పెట్టుకోమని.”

ఇద్దరూ నవ్వారు. హేమలతకు ఈసారి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. గిన్నెలు సర్దుతూ తనను తాను ఒకటే అడుగుతూ ఉంది. ఏదో ఒకటి చెప్పమని వాళ్లనెందుకు అడిగాను? ఎంచుకునే హక్కు కూడా వడ్డించి పళ్లెంలో పెట్టి ఇచ్చానెందుకు? తెనాలి బడిలో పిల్లలు ఏదైనా అడిగితే, నీకేం కావాలో ముందు నువ్వు చెప్పు, అనేది తను. అవును, అంతా ఆయన వాక్యమే అనుకుంటారు. అనుకోనిచ్చింది ఎవరు? ఆయన నోటి నుంచి వచ్చినట్టు చెబితే వింటారని, పాస్టరమ్మ సొంతంగా చెప్పిందంటే బైబిళ్లు మూసేస్తారని భయపడింది. ఆ భయం అబద్ధం కూడా కాదు. కానీ ఆ భయం కాపాడిన పనిని ఇప్పుడు ఆ భయమే మూసేస్తోంది.

కృతజ్ఞతా కూడిక రోజు హాలు నిండిపోయింది. వంటగదికీ హాలుకీ మధ్య వడ్డించే కిటికీ ఉంది. అక్కడి నుంచి హేమలతకు మైకు బాగా కనిపిస్తుంది. జయపాల్ ఒక వాక్యం చెప్పి, అలవాటుగా పక్కకు తిరిగి గ్లాసు అందుకున్నాడు. నీళ్లు పెదాలకు తగలకముందే డానియేలా ముగించి ఆయన వైపు చూసింది. చక్కగా, పొల్లు పోకుండా చెప్పింది. ఆయన గ్లాసు దించి ఇంకో వాక్యం చెప్పాడు. ఆమె ఒక్క వాక్యమే చెప్పింది. మళ్లీ ఆయన వంతు. కాగితంలో వేలు పెట్టి వెతుక్కున్నాడు. చెమట తుడుచుకున్నాడు. మూడో పేజీలో ఉండాల్సిన మాట మొదటి పేజీలోకొచ్చింది. చూస్తుంటే హేమలతకు జాలేసింది, వెళ్లి పక్కన నిలబడదామని కాళ్లు కదిలాయి కూడా. కానీ బియ్యం పొంగు మీదుంది. ఆమె గరిటె తీసుకుని పొయ్యి వైపు తిరిగింది. ఆ బియ్యం సగం ఉడకకముందే ప్రసంగం అయిపోయింది.

ఇషా వంటగదిలోకొచ్చింది. “మమ్మీ, డాడీది ఆల్రెడీ అయిపోయింది. ఆంటీలు ఫుడ్ రెడీనా అని అడుగుతున్నారు.” తర్వాత గొంతు తగ్గించి, “డాడీకి నిజంగా తెలీదా?” అంది.

“ఏం తెలీదా?”

“నువ్వు టూ సెర్మన్స్ చెప్తావ్ అని. ఒకటి డాడీది, ఒకటి నీది. బోటోషానిలో అందరికీ తెలుసు కదా. స్కూల్లో ఇంగ్లీష్ వచ్చిన పిల్లలు ఇంటికెళ్లి వాళ్ల మమ్మీలకి చెప్పేవాళ్లు.”

హేమలత పొయ్యి తగ్గించి అలాగే నిలబడిపోయింది. తెలుసు. వాళ్లకు తెలిసే వచ్చేవాళ్లు. పాస్టరుగారి మాట అని నమ్మి కాదు, తన మాట అని తెలిసే వర్షంలో, బురదలో నడిచి వచ్చేవాళ్లు. ఎవరూ తనతో అనలేదు. చెబితే తను ఆపేస్తుందేమోనని దాచి ఉంటారు. ఎంత మంచివాళ్లు.

భోజనాల దగ్గర నల్ల రుమాలు కట్టుకున్న ఫ్లోరియా జయపాల్ ముందుకొచ్చి నిలబడింది. బోటోషాని ఆవిడే, రెండేళ్ల క్రితం మిషిగన్లో కూతురి దగ్గరికి వచ్చేసింది. మీ ఆవిడకు ఒంట్లో బాగాలేదా, ఈ రోజు ఎందుకు చెప్పలేదని అడిగింది. డానియేలా ఆ మాటను ఇంగ్లీషులో పెట్టింది. వంట పనిలో ఉందని జయపాల్ అన్నాడు. ఫ్లోరియా అప్పుడే వడ్డించడానికొచ్చిన హేమలత చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది, డానియేలా వెంట వెంటనే చెబుతోంది. ఒక చలికాలం ఆదివారం ఈ మాట విన్నానంది: అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్లారా, ఈ రాత్రి వేడిగా ఉన్నప్పుడే మీ పళ్లెంలో పెట్టుకోండి. దేవుడు చూస్తాడు, కోప్పడడు.

“ఆ రాత్రి నేను ముందు పెట్టుకున్నాను,” అంది ఫ్లోరియా. “మా ఆయన చూశాడు. నేను తింటూనే ఉన్నాను. ఆ బుధవారమే మా వీధి ఆడవాళ్లను వెంటేసుకుని ఈమె ఇంటికి వెళ్లాను.”

జయపాల్ పళ్లెం పట్టుకుని అలాగే విన్నాడు. తర్వాత హేమలతను చూశాడు. ఆమె తల దించుకోలేదు.

ఇంటికొచ్చేటప్పుడు ఆ రోజు కార్లో దేవుని చిత్తం మాట రాలేదు. వంటింట్లో హేమలత బిర్యానీ గిన్నె సింకులో పెట్టేసరికి జయపాల్ వచ్చి ఆమె చేతిలోని పీచు తీసుకున్నాడు. అడుగంటిన మెతుకుల్ని గీకుతూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“ఆవిడ చెప్పిన మాట నేనెప్పుడన్నాను హేమా?”

“మీరనలేదు. నేనన్నాను.”

“అలాంటివి ఎన్ని?”

“ప్రతి ఆదివారం.”

పీచు ఆగింది. ఆయన, నేను నిజంగానే పొడుగు భాష అనుకున్నాను, అన్నాడు. జోకు వేసే గొంతు కాదది. తర్వాత, “నాతో ఒక్కసారి కూడా చెప్పలేదేం?” అన్నాడు.

“అంతసేపు ఏం చెప్తున్నావని మీరు ఒక్కసారి కూడా అడగలేదు.”

ఆయన మళ్లీ తోమడం మొదలుపెట్టాడు. ఆ వీపు చూస్తూ హేమలత కుర్చీ లాక్కుని కూర్చుంది. కఠినంగా అన్నానా అని ఒక్క క్షణం వెతుక్కుంది. కనబడలేదు. ఉన్నదే అంది. జనవరిలో నేను వెళ్తున్నాను, అంది ఆయనతో. లీజు నా పేరు మీద రాయించుకుంటాను, వసంతం దాకా ఉండి వస్తాను, ఆ తర్వాత ఎలాగో చూసుకుందాం, ఇషాకు చెప్పేశాను, మీకు అన్నం వండుకోవడం అదే నేర్పుతుందట.

“కమిటీ ఒప్పుకోదు,” అన్నాడు జయపాల్. కాదనడం కాదది, దిగులు. “ఉండు, నేను అవినాష్‌తో మాట్లాడతాను. నేను చెబితే వింటారు.”

“వద్దండి. పన్నెండేళ్లు మీ మాట నేను చెప్పాను. నా మాట నేనే చెప్పుకుంటాను.”

ఫోన్ తీసి అవినాష్ నంబరు నొక్కింది. అతను వెంటనే ఎత్తి, బిర్యానీ అదిరిందమ్మా అని మొదలుపెట్టాడు. థాంక్స్ చెప్పి, అతను ఊపిరి తీసుకునేదాకా ఆగింది.

“అవినాష్ గారూ, బోటోషాని పని మూయడం లేదు. అక్కడ వాక్యం చెప్పేది నేను. మొదట్నుంచీ నేనే.”

“పాస్టర్ గారు పక్కనున్నారా అమ్మా?” అన్నాడు.

“ఉన్నారు. గిన్నె తోముతున్నారు. నాతోనే మాట్లాడండి.”

జయపాల్ కుళాయి కట్టేశాడు. తడి చేతులు చొక్కాకే తుడుచుకుని, ఫోను వైపు చూడకుండా ఆమె కుర్చీ వెనక నుంచి నడిచి గదిలోకి వెళ్లాడు. ఇక ఈ రాత్రికి ఎవరడిగినా తాను లేనట్టే, తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.