గొంతు ఆగిన ఆదివారం

భార్య లిడియా మందిరానికి బయల్దేరేక, ప్రవీణ్ కుమార్ తల్లి కృపమ్మకి చెంచాతో రాగి జావ పట్టి, మూతి తుడిచి, కంప్యూటర్ పనిలో పడ్డాడు.

రాజోలులో కృపమ్మ టీచరుగారంటే తెలియని ఇల్లు తక్కువ. ఉద్యోగమంతా పిల్లలకి తెలుగు చెప్పడంలోనే గడిచింది. రిటైరయ్యేక నరాల జబ్బొకటి పట్టుకుని ముందు చేతులు, తర్వాత కాళ్ళు, ఆఖర్న మాట పట్టుకుపోయింది. కళ్ళు మాత్రం వదిలేసింది. మంచానికి అడ్డంగా బిగించిన తెర మీద అక్షరాలుంటాయి. ఆవిడ చూపు ఏ అక్షరం మీద నిలిస్తే దాన్ని కింద ఉన్న చిన్న కెమెరా పట్టుకుంటుంది. మాట పూర్తయ్యేక స్పీకరు పైకి చదువుతుంది. గొంతు యంత్రానిదే గానీ దబాయింపు ఆవిడదే.

ఈమధ్య ఆ తెర మాటిమాటికీ బిగుసుకుపోతోంది. కంపెనీ వాళ్ళు బయోస్‌కి కొత్త అప్‌డేట్ పెట్టేరని చదివేడు ప్రవీణ్. బయోస్ అంటే కంప్యూటర్‌ని నిద్రలేపే మొదటి ప్రోగ్రాం. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు, ఈపాటిది రాదా అనుకున్నాడు.

"ఒక్క ఐదు నిమిషాలమ్మా," అని మొదలెట్టేడు.

అప్‌డేట్ ఎంతవరకొచ్చిందో చూపే గీత సగం దాకా నిండింది. అప్పుడే సముద్రం వైపునించి గాలీ వానా కలిసి విరుచుకుపడ్డాయి. కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ ఒక్కసారి కుయ్యిమని అదీ పోయింది.

కాసేపటికి కరెంటొచ్చింది. కంప్యూటర్‌లో ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ఆపేడు, వేసేడు, మళ్ళీ ఆపేడు. అదే నలుపు.

వెనక్కి తిరిగి చూస్తే తల్లి అతన్నే చూస్తోంది. ఒకసారి రెప్ప కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. అదీ వాళ్ళ ఏర్పాటు.

"దాహమా అమ్మా?"

రెండుసార్లు.

"ఫ్యానెయ్యనా? దుప్పటి కప్పనా?"

మళ్ళీ రెండేసి. తర్వాత లెక్కాపత్రం లేకుండా గబగబా కొట్టేస్తోంది. కంప్యూటర్ గురించే కంగారు పడుతోందనుకున్నాడు.

"బాగుచేసేస్తానమ్మా. భయపడకు."

రెండుసార్లు. రెండుసార్లు. ఆ కళ్ళకేసి చూడలేక ఫోను తీసేడు.

అమలాపురంలో కంప్యూటర్ షాపున్న మణికంఠ ఒకప్పుడు అతని దగ్గర చదువుకున్నవాడే. ఫోనెత్తగానే వెనక సన్నాయి వినబడింది.

"మురమళ్ళ వచ్చేమండి మాస్టారూ, సాయంత్రం వీరేశ్వరస్వామివారి కల్యాణం మా పేర్నే. చెప్పండి."

ప్రవీణ్ చెప్పేడు. మణికంఠ నిట్టూర్చేడు.

"లోపల అమ్మగారి సరంజామా అంతా భద్రంగానే ఉంటుందండి. లేపేవాడే లేడు, అంతే. సీపీయూ వెనక చిన్న బటన్ ఉందాండీ?"

"ఆయ్, ఉంది."

"మీ లాప్‌టాప్‌లో ఆ ఫైలు మళ్ళీ దింపండి. కంపెనీ వాళ్ళు చెప్పిన పేరే దానికి పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి, బటన్ పక్కనున్న పోర్టులో గుచ్చండి. బటన్ నొక్కి పట్టుకుంటే లైటు కొట్టుకుంటుంది. కొట్టుకుంటున్నంతసేపూ ముట్టుకోకండి. ఆరిపోతే పనయినట్టు. కదలకుండా వెలుగుతూ ఉండిపోతే కాలేదన్నట్టు."

అంతా చెప్పినట్టే చేసేడు. బటన్ నొక్కేడు. లైటు మూడుసార్లు కొట్టుకుని, కదలకుండా వెలుగుతూ ఉండిపోయింది.

మళ్ళీ చేసేడు. మళ్ళీ అంతే. వెనకనించి తల్లి ఊపిరి చప్పుడు పెద్దదవుతోంది. "అయిపోయిందమ్మా, ఇదిగో," అంటున్నాడు, తల తిప్పకుండానే.

లిడియా గొడుగు గుమ్మంలో పడేసి లోపలికొచ్చింది. నల్లటి తెరనీ, భర్తనీ చూసి, తిన్నగా మంచం దగ్గరికెళ్ళింది. కృపమ్మ కళ్ళనించి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ముఖం కందిపోయింది.

"అత్తయ్యగారూ, ఏదో చెప్తున్నారు కదా? నేను వరసలు చెప్తాను, ఆపండి. అచ్చులా?"

రెండుసార్లు.

"క వరసా? చ వరసా?"

ఒకసారి.

"చ?"

ఒకసారి.

"గుణింతం చెప్తానండి. చ, చా, చి, చీ..."

ఒకసారి, గట్టిగా.

ప్రవీణ్ చేతిలో పెన్‌డ్రైవ్ అలాగే ఉండిపోయింది. "ఛీ అంటోందే నన్ను," అన్నాడు.

"మీరుండండి." లిడియా తల తిప్పలేదు. "ఇంకా ఉందా అత్తయ్యగారూ? ట వరసా? త వరసా? ప వరసా? ప, ఫ, బ, భ, మ..."

ఒకసారి.

లిడియా దుప్పటి లాగిపారేసి అత్తగారిని పక్కకి ఒత్తిగిలించింది. భుజం కిందనించి నడుం దాకా ఎర్రచీమలు. తలగడ అంచున కారి ఆరిన జావ చారిక, దాన్ని పట్టుకుని మంచంకోడు వెంబడి పైకి ఒకటే బారు.

ప్రవీణ్ పెన్‌డ్రైవ్ బల్ల మీద పడేసేడు. తల్లిని రెండు చేతులా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేడు. లిడియా తడిగుడ్డతో చీమల్ని తుడిచి, దద్దుర్ల మీద కొబ్బరినూనె రాసి, చీర మార్చింది. అతను పక్కబట్టలన్నీ దొడ్లో పడేసి వచ్చేడు. ఇంతసేపూ ఆవిడ అరుస్తూనే ఉంది, తను పక్కనే ఉండి వినలేదు. తల్లి ఊపిరి నిదానించింది.

"ఇప్పుడు చూడండి దాని సంగతి," అంది లిడియా.

మణికంఠకి మళ్ళీ ఫోన్ చేసేడు.

"పెన్‌డ్రైవ్ మరీ పెద్దదయి ఉంటుందండి, అది చదవలేదు. చిన్నది చూడండి. ఎఫ్ఏటీ థర్టీటూ పద్ధతిలో ఫార్మాట్ కొట్టండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయనుకోండి. ఇంకోటి మాస్టారూ, ఈసారి కరెంటు పోకుండా చూసుకోండి. మధ్యలో పోతే చిప్పే ఊడదీయాల్సొస్తుంది."

టీవీకి గుచ్చి ఉన్న చిన్న పెన్‌డ్రైవ్‌లో లిడియా పోగేసుకున్న క్రైస్తవ పాటలున్నాయి. అతను అడిగేలోపే ఆవిడ లాగి ఇచ్చేసింది. కబురందుకుని ఎదురింటి ఫొటో స్టూడియో సూరిబాబు తన యూపీఎస్‌ని గోనెపట్టా కింద దాచుకుంటూ వానలో మోసుకొచ్చేడు.

ప్రవీణ్ బటన్ నొక్కి పట్టుకున్నాడు. లైటు కొట్టుకుంది. ఆగలేదు. కొట్టుకుంటూనే ఉంది. ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. కృపమ్మ కుర్చీలోంచి చూస్తోంది.

మబ్బుకి తోడు లైట్లూ ఆరి, ఉన్నట్టుండి ఇల్లు చీకటయింది.

"పోయిందండోయ్," అన్నాడు సూరిబాబు.

యూపీఎస్ కీచుమంటూ అరుస్తోంది. ఆ చీకట్లో లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ప్రవీణ్ దానికేసి చూస్తూ "ప్రభువా, ప్రభువా" అనడం తనకే తెలీదు. కీచుల మధ్య దూరం తగ్గుతోంది. బ్యాటరీ అడుగంటుతోంది.

లైటు ఆరిపోయింది.

పనయి ఆరిందో, చచ్చి ఆరిందో. కరెంటొచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. వచ్చేక ప్రవీణ్ పవర్ బటన్ నొక్కేడు. ఫ్యాన్ తిరిగింది. నలుపు. ఇంకా నలుపు. లిడియా అతని మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు తెర మధ్యన కంపెనీ గుర్తు తేలింది. ఆ వెనకే అక్షరాలు వచ్చేయి.

కుర్చీని తెర ముందుకి జరిపేరు. కృపమ్మ చూపు అక్షరం మీదనించి అక్షరం మీదకి తీరిగ్గా నడిచింది. స్పీకరు చదివింది.

"అది నా నోరు. నన్నడిగి ముట్టుకో."

"ఆయ్," అన్నాడు ప్రవీణ్, బళ్ళో పిల్లాడిలా చేతులు కట్టుకుని.

కళ్ళు మళ్ళీ కదిలేయి. "సూరిబాబుకి తువ్వాలియ్యండి. తడిసేడు."

లిడియా నవ్వేసి, కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళింది. ప్రవీణ్ వంటింట్లోంచి నాలుగు గిన్నెలు తెచ్చి నీళ్ళు పోసి, మంచంకోళ్ళ కింద ఒక్కొక్కటే పెడుతూ కూర్చున్నాడు.