రెండు వందల ఇరవై మూడు

లెక్కల మాస్టారుగా రిటైరైన మా మామ పెంచలయ్యకు చిక్కుడుకాయ ఈనె తీయడం రాదు. ముప్పైఏడు రెండ్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చే పన్నెండంకెల సంఖ్య మాత్రం ప్రధాన సంఖ్యేనంటాడు. అది తేలేదాకా ఉదయగిరి దాటనని ఒట్టు. ఆపరేషన్‌కి వెంటనే నెల్లూరు పొమ్మన్నాడు ఆత్మకూరు డాక్టరు. మామ ఒక్కో సంఖ్యతో భాగిస్తూనే ఉన్నాడు, దగ్గినప్పుడల్లా తుండుగుడ్డ మీద నెత్తుటి మరకలు పెద్దవవుతున్నాయి.

నేనూ బీయెస్సీనే. అన్నం ఉడికేలోగా రోజూ కాసిని భాగహారాలు చేశాను. రెండు వందల ఇరవై మూడుతో శేషం లేకుండా తెగింది. అది పొరపాటున దాటేసి, ఆయన వేలల్లోకి పోయున్నాడు.

మామకు తప్పు చూపించే కోడలు మా ఇళ్లల్లో ఇంతవరకు పుట్టలేదు.

"మామా, ఈ భాగహారం నాకు కుదర్లేదు. చూపిస్తారా?"

"నీకు డిగ్రీ ఎట్లిచ్చినారమ్మా?" అని పలక లాక్కున్నాడు.

చివర సున్నా వచ్చింది. సుద్దముక్క ఆగింది. దగ్గు మాత్రం ఎంతసేపటికీ ఆగలేదు.

"నేనే తప్పు చేసినానమ్మా," అన్నాడు. "బస్సుకు పోదాం పద."