ఇసుక బస్తాలు దిగిన బస్సు

గర్‌ర్‌ర్‌మంటూ బస్సు వెనకభాగం మళ్ళీ కొండ రోడ్డులోని సిమెంటు పలకను గీకింది. బస్సు ఆగిపోయింది.

మలుపు పక్కన పిట్టగోడ మీద నిలబడ్డ కండక్టర్‌కు ఆ చప్పుడు ఎవరో తన వీపునే గీకినట్టు వినిపించింది.

"రెండు," అన్నాడు ఇంజినీరు కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ. "ఇక ఒక్కటే మిగిలింది పెద్దాయనా."

కాలనీ కాలనీ అంతా రోడ్డు పక్కన గుంపు కట్టి ఉంది.

ఇరవై ఏళ్ళ అర్జీల తర్వాత ప్రభుత్వం ఈసారి నిజంగానే చెయ్యి విదిల్చింది. ఎనిమిది కొత్త బస్సులు, రోడ్డు మరమ్మతు, ఎండా వానా తగలకుండా మూడు షెల్టర్లు. షరతు ఒకటే. నిండు బరువుతో కొత్త బస్సు మూడు ప్రయత్నాల్లో కొండ మీది కాలనీకి ఎక్కాలి. ఎక్కకపోతే ఆ బస్సులూ ఆ రోడ్డూ ఏటి అవతలి పేటకు వెళ్ళిపోతాయి. నిండు బరువంటే మనుషులు కారు, సీటుకొక ఇసుక బస్తా.

కండక్టర్‌కు రెండు నెలల్లో రిటైర్మెంటు. ఈ రూటు వచ్చినా అందులో టిక్కెట్లు కొట్టేది అతను కాదు. అతని బెంగ వేరు. అతని భార్య రెండేళ్ళుగా కొండ దిగలేదు. కిందికి రెండు వందల పదహారు మెట్లు, ఆమె మోకాళ్ళు ఇరవై మెట్లకే మొరాయిస్తాయి. ఆటోవాళ్ళు ఆ ఏటవాలు రోడ్డును చూసే దండం పెట్టి బండి తిప్పేస్తారు. "బజారు ఇప్పుడెలా ఉందండీ?" అని ఆమె రోజూ అడుగుతుంది. అతను పూసగుచ్చినట్టు చెబుతాడు. అంతా విని, "సరేలెండి," అంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఎన్ని తిట్లు పడ్డాడో గానీ, ఆ "సరేలెండి" అంత లోతుగా ఏదీ గుచ్చుకోలేదు.

ఇప్పుడు ఆమె కాలనీకి కాస్త దిగువన, మలుపు కిందున్న చదునులో, కుర్రాళ్ళు మోసుకొచ్చి దించిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని బస్సునే చూస్తోంది.

బస్సును వెనక్కి తెచ్చి చదునులో నిలిపి, డ్రైవరు కిందికి దూకింది. ఆమె కండక్టర్‌కు కోడలే.

"మామయ్యా, ఇంజనుకు లోటు లేదు. ముందు చక్రాలు ఏటవాలు ఎక్కగానే తోక కూలబడుతోంది. ఆ పలక తగలకుండా ఉండాలంటే తోక ఇంకో నాలుగు వేళ్ళు పైకి లేవాలి. వెనకున్న బస్తాలు ముందుకు లాగేస్తే తేలిగ్గా వెళ్ళిపోతుంది."

"కుదరదమ్మా," అన్నాడు ఇంజినీరు. మంచి కుర్రాడే, కానీ కాగితం దాటడు. "ప్రయాణికులు ఎక్కడ కూర్చుంటారో బస్తాలూ అక్కడే ఉండాలి."

"ప్రయాణికులైతే లేచి జరుగుతారు కదండీ," అన్నాడు కండక్టర్.

ఇంజినీరు పెన్ను ఆపి అతని వైపు చూశాడు. "ముందుకు జరగండి అని రోజుకు ఎన్నిసార్లు అరుస్తారు మీరు?"

"లెక్కలేదండీ."

"నిజం చెప్పండి. ఎవరైనా జరిగారా?"

అబద్ధమాడటం కండక్టర్‌కు చేతకాదు.

"ఒకాయన జరిగాడండీ. తీరా చూస్తే ఆయన దిగాల్సిన స్టాపు వచ్చింది."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజినీరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. కండక్టర్ ఆ సందు వదల్లేదు.

"ఒక్క అవకాశం ఇవ్వండి సార్. బస్తాలు దింపి మనుషుల్ని ఎక్కిద్దాం. నేను చెప్పినప్పుడు జరిగితే జరిగినట్టు రాయండి. జరక్కపోతే ఆ బస్సులు ఏరు దాటించేయండి. నేనే జెండా ఊపుతాను."

ఇంజినీరు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. బరువు ఇంతుండాలని ఉంది. అది ఇసుకే అయి ఉండాలని ఎక్కడా లేదు.

"సరే. ఒక్కసారి ఎక్కిందంటే చాలు, ఆ పలక చెక్కించే డబ్బు మంజూరులోనే ఉంది. కానీ మలుపులో అడుగడుగునా నేను చూస్తాను."

నలభై రెండు బస్తాలు దిగాయి. మనుషులు ఎక్కడం మాత్రం బస్తాల్లా సాగలేదు. తలుపు తెరవకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, కర్చీఫులు, ఒక గొడుగు సీట్ల మీద పడ్డాయి.

"పరీక్షర్రా ఇది! పెళ్ళి బస్సు కాదు!" అని కండక్టర్ గొంతు చించుకున్నాడు.

"ఎక్కడికి పోతోందో తెలియకపోయినా సీటు సీటే బావా," అన్నాడు అతని బామ్మర్ది, కాలనీలో అందరూ బస్తా అని పిలిచే మనిషి, సరాసరి వెనక సీటు చివరికి పోయి కూలబడుతూ.

"సార్, మా బామ్మర్దిని రెండుగా రాసుకోండి."

"రాసుకున్నాను," అన్నాడు ఇంజినీరు గంభీరంగా.

భార్యను కండక్టరే చెయ్యి పట్టి ఎక్కించి, మొదటి సీట్లో కూర్చోబెట్టాడు. మెట్టు నేలకు జానెడు ఎత్తే ఉంది. "ఇంతేనా?" అంది ఆమె ఆశ్చర్యంగా.

బస్సు కదిలింది. ముందు చక్రాలు ఏటవాలు అందుకోగానే అందరి వీపులూ సీట్లకు అతుక్కున్నాయి.

"ఇప్పుడు మామయ్యా!" అంది కోడలు బ్రేకు తొక్కి.

కండక్టర్ గుండెల నిండా గాలి పీల్చాడు.

"వెనకున్నవాళ్ళు ముందుకు జరగండి! ముందుకు! ముందుకు!"

ఎవరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లెక్కల టీచరమ్మ, "ముందువాళ్ళు జరిగితే కదా మేం జరిగేది?" అంది.

"టీచరమ్మా, మీరే ముందు!"

ఆమె గతుక్కుమని లేచింది. ఆమె వెనక ఇస్త్రీ ఆయన, అతని వెనక పాలామె. తర్వాత ఒక్కసారిగా గట్టు తెగినట్టు అంతా లేచి ముందుకొచ్చి పడ్డారు.

"అద్దానికి అడ్డం రాకండి! ఎడమ పక్క ఖాళీ చెయ్యండి!" అని కోడలు అరిచింది. తోక పైకి లేచింది. బయట ఇంజినీరు నేల మీద బోర్లా పడుకుని చూస్తున్నాడు.

"రెండు వేళ్ళు పైకి లేచింది! ఇంకో రెండు చాలు!"

కండక్టర్ వెనక్కి చూశాడు. వెనక సీట్లో ఒక్కడే మిగిలాడు. బస్తా. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో రాడ్డును వాటేసుకుని ఉన్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ! లేవరా!"

"లేవను బావా. ఈ కిటికీలోంచి లోయ కనబడుతోంది."

"కళ్ళు మూసుకున్నావు కదరా!"

"మూసుకున్నా కనబడుతోంది బావా!"

ఎవరూ నవ్వలేదు. వాడు వేళాకోళమాడటం లేదు. బ్రేకు మీద కోడలి కాలు బిగిసింది. "ఎక్కువసేపు ఆపలేను మామయ్యా."

అప్పుడు మొదటి సీట్లోంచి కండక్టర్ భార్య లేచింది. కర్ర లేకుండా. జనాన్ని తప్పించుకుంటూ, సీట్ల అంచులు పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ తమ్ముడి వైపు నడవసాగింది.

"ఏమే, కూర్చో! నువ్వు కూడా వెనక్కి పోతావేంటే!"

ఆమె వినిపించుకోలేదు. "తమ్ముడూ, నేనొస్తున్నానురా. భయపడకు."

ఆ గొంతు దగ్గరవుతుంటే బస్తా ఒక కన్ను తెరిచాడు. ఏటవాలు బస్సులో అక్క ఊగుతూ వస్తోంది. రెండో కన్నూ తెరుచుకుంది.

"అక్కా! పడతావు! ఆగక్కా!"

రాడ్డు వదిలేశాడు. అంత మనిషీ మూడంగల్లో అక్కను చేరుకుని, పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతుల మీద ఎత్తుకుని ముందుకు పరిగెత్తాడు. వాళ్ళ బరువు ముందుకు చేరగానే బస్సు తోక ఇంకాస్త లేచింది.

కోడలు బ్రేకు వదిలింది. ఈసారి గీకిన చప్పుడు రాలేదు. ఇంజన్ ఒక్కసారి గట్టిగా మూలిగింది, వెనక చక్రాలు పలక దాటాయి. ఎదురుగా ఆకాశం పోయి కాలనీ ఇళ్ళు కనిపించాయి.

బస్సులో లేచిన కేకకు డాబాల మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి. టీచరమ్మ ఇస్త్రీ ఆయన వీపు మీద దరువేసింది. బస్తా ఇంకా అక్కను దించలేదు.

"దింపరా, లోయ పోయింది," అంది ఆమె.

ఇంజినీరు రొప్పుతూ ఎక్కొచ్చాడు. చొక్కా నిండా మట్టి. కాగితం మీద సంతకం చేసి కండక్టర్‌కు చూపించాడు. "ఎక్కింది" అని రాసి ఉంది. కండక్టర్‌కు ఆ మూడక్షరాలు మసకమసకగా కనిపించాయి.

"ఇక దిగండి, దిగండి," అన్నాడతను.

"ఎవరూ దిగకూడదు," అన్నాడు ఇంజినీరు. "ఇంకా బ్రేకుల పరీక్ష ఉంది. కింద బజారు దాకా ఇదే బరువుతో వెళ్ళాలి."

భార్య మొగుడి మొహంలోకి చూసింది. "ఏమండీ, మనం బజారుకు పోతున్నామా?"

"పోతున్నామే."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

ఆమె రెండు చేతులూ తలకు పెట్టుకుంది. "అయ్యో, జుట్టైనా దువ్వుకోలేదే! రెండేళ్ళకు కనబడి ఈ అవతారంతోనా?"

సెలూన్ ఆయన జేబులోంచి దువ్వెన తీసి పక్కవాళ్ళకు అందించాడు. అది చేతులు మారుతూ మొదటి సీటుకు చేరింది. డ్రైవరు లోపలి అద్దాన్ని అత్తగారి వైపు తిప్పింది. ఇంజినీరు గడియారం చూసుకుని, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

బస్సు మొత్తం ఆగి, ఆమె పాపిడి తీసుకోవడం చూస్తూ కూర్చుంది.