పట్టా మీద కుడికాలు

ఈ దీవిలో, మా రంగత్‌లో వాన పట్టుకుందంటే మా ఇంటి గచ్చంతా చెమ్మగిల్లుతుంది. కిందటేడు మంచం దిగుతూ జారిపడ్డాను. చూడవచ్చిన వాళ్లందరికీ మాత్రం క్రీక్ ఉప్పునీళ్ల దగ్గర మొసలితో కుస్తీ పట్టానని, దానికింకా కట్లు విప్పలేదని చెప్పాను. మా ఆవిడ గవరమ్మ నవ్వి ఊరుకోలేదు. పాత చీరలు పేలికలుగా చించి, జడలా అల్లి, గుండ్రంగా చుట్టి కుడుతూ నా కాళ్ల కిందకి పట్టా మొదలుపెట్టింది. ఇంకా జానెడు మిగిలుండగానే కన్నుమూసింది.

ఆ జానెడూ మనవరాలు సుమ, నానమ్మ ఆఖరిసారి కట్టిన చీర ముక్కలతో పూర్తిచేసి, మంచం పక్కన పరిచింది. రెండు రోజులు నేను మంచం అవతలి వైపు నుంచే దిగాను.

"క్యా తాతా, నచ్చలేదా?"

"మీ నానమ్మ చీర తొక్కితే ఊరుకుంటుందేటే? దానికంటే ఆ మొసలే నయం."

సుమ నవ్వలేదు. "నువ్వు మళ్లీ పడకూడదనే కదా అల్లింది. ఇలా తడి గచ్చు మీద దిగితే నానమ్మ పడ్డ కష్టమంతా బేకార్ కదా?"

వంగి పట్టాను తాకి కళ్లకద్దుకున్నాను. తర్వాత, గవరమ్మ కొత్త కోడలిగా మా గడప దాటినప్పటిలాగే, కుడికాలు ముందు పెట్టాను.