మేకు పట్టుకున్న చేయి

ఆదివారం ఉదయం పదింటికి, అమీర్‌పేటలోని తన ఇంటి కారు షెడ్డులో, వడ్రంగి హనుమాండ్లు పక్షవాతం వచ్చాక మొదటిసారి సుత్తి పట్టుకున్నాడు. కుడిచేయి లేవదు. ఎడమచేత్తోనైనా మళ్లీ పని చేయిద్దామని కూతురు మధులత రెండు రోజులు సెలవు పెట్టి, రంపాలు, ఉలులు, సుత్తులు అన్నీ ఎడమ గోడకు తగిలించింది.

"షోరూం లెక్క చేసినవ్," అన్నాడు.

"కొట్టు నాయినా. మేకు నేను పట్టుకుంట."

మొదటి దెబ్బ చెక్కకు తగిలింది. రెండోది ఆమె బొటనవేలికి తగిలింది.

"ఏం కాలే. మల్ల కొట్టు," అంటూ ఆమె రెండో చేత్తో మేకు పట్టుకుంది.

"చెయ్యి తియ్యి బిడ్డా."

"తియ్య."

హనుమాండ్లు సుత్తిని బల్ల మీద పెట్టి ఇంట్లోకి వెళ్లాడు. నెల రోజులైంది. షెడ్డులోకి మళ్లీ రాలేదు.